సీఆర్‌పీ దిగేదాకా

కెర్కెన్నా దీవుల చుట్టూ సముద్రం లోతు తక్కువ. ఒడ్డు విడిచి ఎంత దూరం నడిచినా నీళ్లు నడుము దాటవు. ఆ నీళ్లలో ఖర్జూరపు మట్టలు వరసగా పాతి దడులు కడతారు. పోటు తీసేటప్పుడు చేప దడి పక్కనే ఈదుకుంటూ వెళ్లి, వేరే దారి లేక, చివరనున్న బుట్టలో పడుతుంది. షాద్లీకీ అతని తమ్ముడు తిజానీకీ తండ్రి వదిలి వెళ్లిన ఆస్తి అలాంటి దడి ఒక్కటే. తండ్రి పోయేనాటికి తిజానీకి మీసం కూడా రాలేదు. వాణ్ని నీళ్లలో నిలబెట్టి మట్ట పాతడం నేర్పింది, వల చినిగితే ముడి వెయ్యడం నేర్పింది షాద్లీయే.

ఆ చలికాలం చివర్లో ఒక పొద్దున ఇద్దరూ బుట్టలు ఎత్తుతున్నారు. తిజానీ ఒక బుట్టని సగం దాకా ఎత్తి, మళ్లీ నీళ్లలోకి వదిలేసి, దడి కర్ర పట్టుకుని నిలబడిపోయాడు.

"ఏంరా, ఎండాకాలంలో పెళ్లి పెట్టుకుని ఇప్పుడే ముసలాడివైపోయావా?" అన్నాడు షాద్లీ.

"జలీలా గుర్తొచ్చిందన్నా. ఊపిరాడట్లా."

నవ్వుతూనే అన్నాడు గాని ఆ నవ్వు మధ్యలోనే దగ్గయింది. దగ్గు ఆగలేదు. షాద్లీ నీళ్లు తోసుకుంటూ వచ్చి భుజం పట్టుకునేసరికి తడిసిన చొక్కా మీంచి కూడా ఒంటి వేడి చేతికి తగిలింది. వీపు మీద అరచెయ్యి పెడితే గుండె దడదడలాడుతూ తెలుస్తోంది. ఒక కొట్టుకీ ఇంకో కొట్టుకీ పొంతన లేదు.

ఇంటికి తెచ్చి పడుకోబెట్టాక షాద్లీ భార్య బేయా మరిది ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి చూసింది. రెండు మోకాళ్లూ వాచిపోయి ఎర్రగా మెరుస్తున్నాయి.

"ఎన్నాళ్లనించిరా ఇది?"

"మొన్న గొంతునొప్పి వచ్చింది కదా వదినా, అది తగ్గాక మొదలైంది. ఇదీ తగ్గిపోద్దిలే అనుకున్నా."

బేయా మొగుడి వైపు చూసింది. ఇద్దరికీ ఒకటే గుర్తొచ్చింది. తిజానీకి పదకొండో ఏట కూడా ఇలాగే గొంతునొప్పి, ఆ తర్వాత కీళ్ల వాపు, జ్వరం వచ్చాయి. కీళ్లు బాగుపడినా గుండె కవాటం దెబ్బతిన్నదని, నలభయ్యేళ్లు వచ్చేదాకా నెలనెలా పెన్సిలిన్ సూది వేయించుకోవాలని అప్పటి డాక్టరు చెప్పాడు. ఆ సూది పడ్డ రోజు మనిషి కూర్చోలేడు, పడుకోలేడు. తిజానీ పెద్దవాడై సముద్రంలోకి దిగడం మొదలుపెట్టాక ఒక నెల మానేశాడు. ఏమీ కాలేదు. ఇంకో నెల మానేశాడు. అప్పుడూ ఏమీ కాలేదు. తర్వాత ఆ సంగతే ఇంట్లో అందరూ మర్చిపోయారు. వాడు బరువులు ఎత్తుతున్నాడు, పెళ్లిళ్లలో తెల్లారేదాకా డోలు వాయిస్తున్నాడు. అలాంటి మనిషికి గుండెజబ్బు ఉందని ఎవరికి గుర్తుంటుంది?

మధ్యాహ్నం పంటు మీద స్ఫాక్స్ పట్నానికి దాటించి ఆస్పత్రిలో చేర్చారు.

వార్డు చూసే డాక్టరు పేరు నజీహా. ముప్పై దాటి ఉంటాయేమో, పొట్టి మనిషి, గొంతు ఎప్పుడూ బొంగురుగా ఉండేది. తిజానీ గుండె మీద గొట్టం పెట్టి, కళ్లు మూసుకుని చాలాసేపు విన్నది. రక్తం తీయించింది, స్కాన్ తీయించింది. తర్వాత షాద్లీని బయటికి పిలిచింది.

"కవాటం సరిగ్గా మూసుకోవట్లేదండీ. ముందుకి పోవాల్సిన రక్తం వెనక్కి కారిపోతోంది. పాత దెబ్బ మీద ఇప్పుడు కొత్త దెబ్బ పడింది. ఆపరేషన్ చేసి కవాటం మార్చాలి."

"అయితే చేసెయ్యండి డాక్టరమ్మా. రేపే చేసెయ్యండి."

"ఇప్పుడు కుదరదు. సీఆర్‌పీ నూట నలభై ఉంది."

షాద్లీకి అర్థం కాలేదు. ఆమె గోడకి ఆనుకుని నిలబడి నెమ్మదిగా చెప్పింది. ఒంట్లో ఎక్కడైనా మంట రగిలితే లివర్ ఒక ప్రోటీన్ తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. మంట పెరిగేకొద్దీ అదీ పెరుగుతుంది. మామూలు మనిషికి అయిదు లోపు ఉంటుంది.

"అదేనా వాడి గుండెని తినేస్తోంది?"

"కాదు. గుండెని వాపెక్కిస్తోంది లోపలి జ్వరం. అది ఎంత ఉందో ఈ సీఆర్‌పీ చెప్తుంది, అంతే."

"మరి దాన్ని దించే మందియ్యండి."

"దానికంటూ మందు లేదండీ. వాపు తగ్గాలి, అప్పుడదే దిగుతుంది. వాపుకి మందులిస్తున్నాం. వాచి ఉన్న గుండెకి కుట్టు వేస్తే నిలవదని మా సర్జన్ గారు అంటారు. దారం కండని కోసుకుంటూ వచ్చేస్తుంది."

ఈ చివరి మాట షాద్లీకి బాగా అర్థమైంది. నీళ్లలో నాని కుళ్లిన వలకి ఎంత మంచి ముడి వేసినా నిలవదు. అర్థమైనందుకు ఇంకా భయమేసింది.

అలా ఎదురుచూడడం మొదలైంది. మందులు ఎక్కాయి, జ్వరం కాస్త తగ్గింది, మోకాళ్ల వాపు తీసింది. నూట నలభై తొంభైకి దిగింది. ఆ కబురు షాద్లీ ఫోన్లో బేయాకి చెప్తే, సాయంత్రానికల్లా ఊరంతటికీ తెలిసిపోయింది. కాఫీ హోటల్ నడిపే అమ్మార్‌కి అంతకుముందు గాలి ఎటునుంచి వీస్తోంది, ఆక్టోపస్ పడుతోందా లేదా అన్న కబుర్లే ఉండేవి. ఇప్పుడు అతనే పొద్దున్నే షాద్లీకి ఫోన్ చేసేవాడు.

"ఎంత?"

"ఎనభై అయిదు."

"దిగుతోందిగా! ఇక్కడ అందరూ నన్ను పీక్కుతింటున్నారు, ఎంత ఎంత అని. మీవాడికి చెప్పు, పెళ్లికి డోలు వాడే వాయించుకోవాలని. వాడిలా వాయించేవాడు మన దీవిలో ఇంకోడు లేడు."

"పెళ్లికొడుకు డోలు వాయిస్తాడా, బుద్ధి లేదూ?"

"వీడు వాయించుకుంటాడు చూడు."

జలీలా వారానికోసారి తల్లితో కలిసి పంటు దాటి వచ్చేది. పోస్టాఫీసులో పనిచేసే పిల్ల, నోరు గట్టిది. మొదటిసారి వచ్చినప్పుడు మంచం పక్కన కూర్చుని ఏడుస్తుందేమోనని షాద్లీ బయటికి వెళ్లబోయాడు. ఆమె ఏడవలేదు.

"సూదులు మానేశానని నాతో ఒక్క ముక్కైనా అన్నావా? నిశ్చితార్థం నాడు మా నాన్న అడిగాడు, అబ్బాయికి ఏమన్నా జబ్బులున్నాయా అని. ఏమన్నావు?"

"నీమీద పిచ్చి ఒక్కటే అన్నా."

"సిగ్గు లేదు. మీ అన్నగారు ఇక్కడే ఉన్నారు."

"అన్నకి తెలుసులే."

తల్లి మొహం పక్కకి తిప్పుకుని నవ్వింది. జలీలా కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. తర్వాత వాడికి బార్లీ జావ తాగించి, మూతి తుడిచి, వెళ్లేటప్పుడు మాత్రం వార్డు తలుపు దగ్గర ఆగి వెనక్కి చూసి, గబగబా వెళ్లిపోయింది.

సీఆర్‌పీ ఎనభై అయిదు దగ్గర ఆగిపోయింది. తర్వాత పెరగడం మొదలైంది. తొంభై అయిదు. నూట పది. మందు మోతాదు పెంచారు. తిజానీ మొహం ఉబ్బింది, కాళ్లు ఇంకా ఉబ్బాయి. రెండు దిండ్లు పెట్టి పడుకునేవాడు మూడు దిండ్లు అడిగాడు, ఆ తర్వాత అసలు పడుకోలేక కూర్చునే నిద్రపోవడం నేర్చుకున్నాడు.

షాద్లీ చెయ్యగలిగిందంతా చేశాడు. చెయ్యగలిగింది ఏమీ లేదు గనక ఎవరేం చెబితే అది చేశాడు. సిగరెట్లు మానేశాడు, తను మానేస్తే తమ్ముడి రక్తంలో ఏం తగ్గుతుందో తెలియకపోయినా. ఎవరో చేప పెట్టొద్దన్నారు, మానిపించాడు. ఇంకెవరో చేపే పెట్టాలన్నారు, బేయా చేత వండించి తెప్పించాడు. తేనె తెచ్చాడు. పీరు సమాధి దగ్గర గొర్రెని ఇస్తానని మొక్కుకున్నాడు. ఒకరోజు పరీక్షల గది కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. లోపల లావు కళ్లద్దాల మనిషి రక్తపు గొట్టాలు సర్దుతున్నాడు.

"అన్నా, మావాడి రక్తం కొంచెం జాగ్రత్తగా చూడు."

"అందరిదీ జాగ్రత్తగానే చూస్తాం."

"కాదు, ఒక్కోసారి పొరపాటున ఎక్కువ చూపిస్తుందేమో. ఇంకోసారి చెయ్యకూడదూ?"

ఆ మనిషి గొట్టాలు పక్కనపెట్టి కిటికీ దగ్గరికొచ్చాడు. తిట్టడానికే వచ్చాడని షాద్లీ అనుకున్నాడు. అతను షాద్లీ చేతులు చూశాడు. ఉప్పునీళ్లకి చిట్లి, గోళ్ల కింద నల్లబడ్డ చేతులు.

"కెర్కెన్నా నుంచా?"

"అవును."

"ఇంకోసారి చేస్తాను. కాని నేను దించితే దిగేది కాదయ్యా అది."

ఇంకోసారి చేశాడు. అంతే వచ్చింది.

ఆ రోజుల్లోనే షాద్లీకి ఇంటికి వెళ్లక తప్పలేదు. దడి గాలికి ఒక పక్క ఒరిగిపోయిందని, పక్కవాళ్లు ఎన్నాళ్లని చూస్తారని బేయా కబురు పెట్టింది. ఒక్కరోజులో వచ్చేస్తానని తమ్ముడికి చెప్పి పంటు ఎక్కాడు. వెళ్లి నీళ్లలో దిగి మట్టలు తిరిగి పాతాడు. రెండో మనిషి లేకుండా ఆ పని నడవదు, పక్కింటాయన వచ్చి పట్టుకున్నాడు. తిరిగి వెళ్దామని రేవుకి వస్తే ఈశాన్యపు గాలి లేచి పంట్లు ఆపేశారు. మర్నాడూ ఆపేశారు. షాద్లీ రేవు గోడ మీద కూర్చుని, తెల్లగా విరుగుతున్న నీళ్లనే చూస్తూ ఉండిపోయాడు. ఇదే సముద్రంలో పుట్టి పెరిగాడు. ఏ గాలి ఎంతసేపుంటుందో చెప్పగలడు. ఈ గాలి ఇప్పట్లో తగ్గదని కూడా అతనికి తెలుసు.

ఫోన్ మోగింది. తిజానీ.

"అన్నా, దిగింది!"

"ఎంత?"

"డెబ్భై. నర్సు చెప్పింది. దిగుతోందన్నా!"

మర్నాడు నలభై అయిదు. ఆ మర్నాడు ఇరవై ఎనిమిది. అమ్మార్ కాఫీ హోటల్లో ఆ పూట కూర్చున్న అందరికీ టీ పోయించాడు. జలీలా వాళ్ల వాకిట్లో ఆడవాళ్లు నాలుకలాడిస్తూ మంగళధ్వనులు తీశారు. పెళ్లి మళ్లీ మాటల్లోకి వచ్చింది. పెళ్లికూతురికి కప్పే ఎర్ర ఉన్ని శాలువా కుట్టు సగంలో ఆపేశారు గదా, మళ్లీ తియ్యమని జలీలా తల్లి కూతుర్ని తొందరపెట్టింది. బేయా రెండు చేతులూ పైకెత్తి దువా చేసుకుని, ఖర్జూరం ముద్ద పెట్టిన మిఠాయిలు చేసి పెద్ద డబ్బా నింపింది. "వార్డులో అందరికీ పెట్టు. నర్సులకి ముందు పెట్టు," అంది.

గాలి తగ్గిన రోజున మొదటి పంటు ఎక్కాడు షాద్లీ. దారి పొడవునా డబ్బా ఒళ్లోనే పెట్టుకున్నాడు. వార్డులోకి వెళ్లగానే కనిపించిన ప్రతివాళ్లకీ పంచాడు. తిజానీ కిటికీ పక్కన దిండ్లకి ఆనుకుని కూర్చున్నాడు. అన్నని చూసి చెయ్యెత్తాడు. దగ్గరికి వెళ్లాక చూశాడు షాద్లీ: తమ్ముడి కళ్లలో తెల్లగా ఉండాల్సింది పసుపుగా ఉంది.

"నా వాటా ఏది?" అన్నాడు తిజానీ. ఒకటి తీసుకుని కొంచెం కొరికి, మిగిలింది చేతిలోనే ఉంచుకున్నాడు.

డాక్టర్ నజీహా వచ్చింది. షాద్లీ డబ్బా చాచాడు. ఆమె మర్యాదకి ఒకటి తీసుకుంది, తినలేదు. "ఒకసారి ఇలా రండి," అంది.

నడవాలో కిటికీ పక్కన నిలబడ్డారు.

"సీఆర్‌పీ దిగింది," అన్నాడు షాద్లీ, ఆమె ఏమన్నా మాట్లాడకముందే.

"దిగింది. కాని మనం అనుకున్నట్టు దిగలేదండీ. ఆ ప్రోటీన్ని తయారుచేసేది లివర్ అని చెప్పాను కదా. గుండె లాగలేకపోయేసరికి రక్తం వెనక్కి తన్ని లివర్ నిండా నిలిచిపోయింది. లివర్ చితికిపోయింది. దానికి ఇప్పుడు తయారుచేసే ఓపిక లేదు."

"అంటే మంట తగ్గలేదా?"

"తగ్గలేదు. ఆ సంగతి చెప్పే లివరే పడిపోయింది, అంతే."

షాద్లీ చేతిలో డబ్బా అలాగే ఉంది. లోపల ఎవరో పేషెంటు తాలూకు ముసలావిడ "మీ ఆడవాళ్ల చెయ్యి బంగారం నాయనా" అని గట్టిగా అంటోంది. ఊళ్లో అందరూ గుర్తొచ్చారు అతనికి. టీలు తాగినవాళ్లు, ఎర్ర శాలువా మీద మళ్లీ సూది పట్టిన ఆ పిల్ల.

"ఇప్పుడేం చేస్తారు?"

"ఆపరేషన్ చేస్తామంటున్నారు సర్జన్ గారు."

"అప్పుడు వద్దన్నది ఇప్పుడెలా చేస్తారమ్మా? అప్పుడు వాడు నడిచేవాడు. జోకులేసేవాడు."

"అప్పుడు ఆగితే బాగుపడే అవకాశం ఉందనుకున్నాం. ఇప్పుడు ఆగడానికి ఏమీ లేదు."

"అప్పుడే కోసి ఉంటే బతికేవాడా?"

ఆమె మిఠాయి కాగితంలో చుట్టి కోటు జేబులో పెట్టుకుంది. "నాకు తెలీదండీ," అంది. "నిజంగా తెలీదు. రోజూ అదే ఆలోచిస్తున్నాను."

షాద్లీకి ఆమె మీద కోపం తెచ్చుకోవాలనిపించింది. కోపం వస్తే కాస్త బలం వచ్చేది. రాలేదు. ఆమె కళ్ల కింద నల్లటి చారలు చూస్తే, ఈమె కూడా తనలాగే ఒడ్డున నిలబడిపోయిన మనిషేననిపించింది.

లోపలికి వెళ్లాడు. తిజానీ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"ఏమందన్నా డాక్టరమ్మ?"

"ఆపరేషన్ ఎల్లుండి."

"చూశావా! దిగిందిగా మరి." ఊపిరి కూడగట్టుకున్నాడు. "జలీలాకి చెప్పావా?"

"నువ్వే చెప్పు."

"నువ్వే చెప్పన్నా. నేను మాట్లాడుతుంటే ఆయాసం దానికి వినపడిపోద్ది."

షాద్లీ తమ్ముడి మొహంలోకి చూశాడు. వాడికి తెలుసా, తెలియదా? తెలిసీ తనకోసం నటిస్తున్నాడా? అడగలేకపోయాడు. అడిగితే ఇద్దరిలో ఎవరో ఒకరు నిజం చెప్పాల్సి వచ్చేది. ఫోన్ చేసి జలీలాకి ఆపరేషన్ సంగతి చెప్పాడు. బేయాకి మాత్రం మొత్తం చెప్పాడు. అవతల పొయ్యి మీద ఏదో ఉడుకుతున్న చప్పుడు వినపడింది.

ఆపరేషన్ నాటి పొద్దున తిజానీ ఛాతీ మీద వెంట్రుకలు గీశారు.

"మంగలి షాపు వాడు నయం," అన్నాడు నర్సుతో. "వాడు కనీసం పాటలు పెడతాడు." తర్వాత అన్న వైపు తిరిగాడు. "ఇవాళ ఎంత?"

"పన్నెండు."

"పన్నెండా? అబ్బో. నీకంటే నేనే నయమేమో, ఒకసారి నీ రక్తం చూపించుకో."

"చూపించుకుంటాలే."

"అన్నా."

"ఏంరా?"

తిజానీ అన్న చెయ్యి పట్టుకున్నాడు. తోపుడుబండి మంచం తలుపు దాకా వెళ్లేంత వరకూ వదల్లేదు. తలుపు దగ్గర నర్సు ఆ వేళ్లని ఒక్కొక్కటిగా విప్పింది.

కొత్త కవాటం బాగానే కూర్చుంది. కుట్లు కూడా, సర్జన్ భయపడ్డట్టు తెగిపోలేదు. కాని గుండె బదులు రక్తం తిప్పే మిషన్ ఆపి గుండెని తనంతట తాను కొట్టుకోనిచ్చినప్పుడు అది కొట్టుకోలేదు. మళ్లీ మిషన్ పెట్టారు, మళ్లీ ఆపారు. పొద్దు వాలి అసర్ నమాజుకి పిలుపు వచ్చే వేళకి డాక్టర్ నజీహా బయటికి వచ్చింది. ఆమె నోరు విప్పేలోపలే, పొద్దున్నే తల్లితో వచ్చిన జలీలా కుర్చీలోంచి లేచి గోడ వైపు తిరిగిపోయింది. షాద్లీ డాక్టరమ్మ చెప్పిందంతా విని, ఎందుకో తెలియదు, "మీకు చాలా శ్రమ ఇచ్చాం," అన్నాడు.

మర్నాడు పొద్దున శవాన్ని వ్యానులో పెట్టి పంటు ఎక్కించారు. అన్నాళ్లు గాలితో విసిగించిన సముద్రం ఆ రోజు అద్దంలా పరుచుకుని ఉంది. కార్లలో ఉన్నవాళ్లు విషయం తెలిసి దిగి, వ్యాను చుట్టూ కాస్త చోటు వదిలి నిలబడ్డారు. ఎవరో పెద్దాయన ఫాతిహా చదివాడు. షాద్లీ వ్యాను పక్కన ఇనుప నేల మీద కూర్చున్నాడు. బేయా ఇంటి దగ్గరే ఉండి శవస్నానానికి నీళ్లు, గుడ్డ సిద్ధం చేయిస్తోంది. జలీలా వ్యాను ముందు సీట్లో, తల్లి పక్కన ఉంది.

పంటు మీద తాళ్లు కట్టే ముసలాయనకి అన్నదమ్ములిద్దరూ చిన్నప్పటి నుంచి తెలుసు. ఆయన వచ్చి షాద్లీ చేతిలో ఒక రొట్టె పెట్టాడు. మధ్యలో చేప, కారం ముద్ద పూసి ఉన్నాయి.

"తిను."

"వద్దు బాబాయ్. దిగదు."

"నిన్న పొద్దుటి నించీ ఏం తినలేదంట. మొయ్యాల్సినోడివి నువ్వే. తిను."

ఆయన మాట కాదనలేక ఒక ముక్క కొరికాడు. దిగదనుకున్నది దిగింది. ఇంకో ముక్క కొరికాడు. కడుపులో ఎప్పుడూ లేనంత ఆకలి లేచింది. ఎవరూ చూడకుండా తినాలని వ్యాను వైపు ఒదిగి, రెండు చేతులతో పట్టుకుని గబగబా తింటున్నాడు. కారం ముక్కుకెక్కి కళ్లు నీళ్లు కారుతున్నాయి. తలెత్తేసరికి ఎదురుగా జలీలా నిలబడి ఉంది. షాద్లీ సిగ్గుతో రొట్టె కిందికి దించాడు. వాణ్ని పక్కన పెట్టుకుని తింటున్నాడు తను.

"బావగారూ," అంది. "నాక్కూడా ఆకలేస్తోంది."

అతను మిగిలిన రొట్టె విరిచి పెద్ద ముక్క ఆమెకిచ్చాడు. ఆమె అతని పక్కన ఇనుప నేల మీదే కూర్చుని తిన్నది. దూరంగా ఖర్జూరపు చెట్ల వరస, దాని కింద సన్నగా రేవు కనిపించాయి. రేవు మీద జనం నిండిపోయి ఉన్నారు. పంటు వచ్చి ఒడ్డుకి తగిలేదాకా వాళ్లలో ఎవరూ కదల్లేదు.